షికాగో బ్రాంజ్‌విల్: ఆ ఖాళీ స్థలాల్లో ఒకప్పుడు ఏముండేది?

ప్రశ్న: వచ్చే ఆగస్టులో షికాగోలోని ఇలినాయ్ టెక్‌లో ఎమ్మెస్‌లో చేరుతున్నాను. క్యాంపస్ ఉన్న పేటని బ్రాంజ్‌విల్ అంటారట. మ్యాప్‌లో చూస్తే వీధివీధికీ ఖాళీ స్థలాలే. సీనియర్లు "35వ వీధి దాటి కిందకి, అంటే దక్షిణానికి పోకు" అంటున్నారు గానీ ఎందుకో చెప్పడం లేదు. ఒకప్పుడు అది నల్లజాతివారి మహానగరం అని ఎక్కడో చదివాను. అంత వెలిగిన పేట ఇలా ఎందుకయింది? అక్కడివాళ్ళే పాడుచేసుకున్నారా?

జవాబు:

నేను 2001 ఆగస్టులో అదే క్యాంపస్‌లో రెండు సూట్‌కేసులతో దిగాను. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన సీనియర్, కారు దిగకముందే, మీకు చెప్పిన మాటే నాకూ చెప్పాడు. నల్లవాళ్ళ గురించి మనవాళ్ళు తమలో తాము వాడుకునే ఒక మాట ఉంది, అదీ ఆ రోజే నేర్పాడు. దాన్ని ఇక్కడ రాయను. మీకూ ఎవరో ఒకరు నేర్పబోతారు, నేర్చుకోకండి.

చదువయ్యాక ఉద్యోగం డౌన్‌టౌన్‌లో దొరికింది. నాతో చదివినవాళ్ళు నేపర్‌విల్, అరోరా లాంటి శివారు ఊళ్ళ వైపు వెళ్ళిపోయారు. నేను అద్దె తక్కువని 43వ వీధి దగ్గర ఒక పాత రాతి ఇంట్లో పై వాటాలో దిగి, తొమ్మిదేళ్ళు అక్కడే ఉండిపోయాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, కోడు రాసుకునేవాణ్ణి. కానీ కింద వాటాలో ఉండే ఇంటావిడ ఎనభై దాటిన రిటైర్డ్ టీచరు. చలికాలంలో మెట్ల మీద మంచు నేను తీసేవాణ్ణి, ఆవిడ టీ పెట్టి కూర్చోబెట్టి పాఠం చెప్పేది. అక్కడ మొదలైన ఆసక్తి ఇప్పటికీ వదల్లేదు.

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. వాళ్ళు పాడుచేసుకోలేదు. మీకు మ్యాప్‌లో కనిపిస్తున్న పెద్ద పెద్ద ఖాళీలన్నీ ఎవరో తీర్మానం చేసి, సంతకం పెట్టి, మనుషుల్ని పంపేసి ఖాళీ చేయించినవి. చిన్న చిన్న స్థలాల కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీరు చదవబోయే క్యాంపస్ కూడా ఆ కథలో ఒక పాత్రే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

1910లో షికాగోలో నల్లజాతివారు 44,103 మంది. 1920 నాటికి 1,09,458. 1930కి 2,33,903. ఈ అంకెల వెనక ఒక రైలు ఉంది. ఇలినాయ్ సెంట్రల్ లైను న్యూ ఆర్లీన్స్‌లో బయల్దేరి, మిసిసిపీ పత్తి చేల మధ్యనుంచి నేరుగా షికాగో 12వ వీధి స్టేషనుకి వచ్చేది. దక్షిణాన బానిసత్వం పేరుకి పోయింది గానీ, ఏడాది చివర లెక్క చూస్తే ఎప్పుడూ అప్పే తేలే, పంటలో వాటాకి చేసే పాలు సేద్యం మిగిలింది. ఓటు లేదు. పట్టపగలు మనిషిని చెట్టుకి వేలాడదీసినా అడిగే కోర్టు లేదు. దానికి తోడు బోల్ వీవిల్ అనే పురుగు పత్తిని తినేసింది. సరిగ్గా అప్పుడే 1914లో యూరప్‌లో యుద్ధం మొదలై, షికాగో మాంసం ఫ్యాక్టరీలకి, ఉక్కు మిల్లులకి యూరప్ కూలీలు రావడం ఆగిపోయింది.

ఈ కబురు పల్లెలకి మోసినది ఒక పత్రిక. రాబర్ట్ అబాట్ అనే ఆయన 1905లో పాతిక సెంట్ల పెట్టుబడితో, 300 ప్రతులతో 'షికాగో డిఫెండర్' మొదలుపెట్టాడు. దక్షిణాదిలో చాలాచోట్ల దాన్ని అమ్మనిచ్చేవారు కాదు. రైళ్ళలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు కట్టలు కట్టలుగా దాచి తీసుకెళ్ళి పంచేవారు. ఒక్క ప్రతి మంగలి షాపులో, చర్చిలో పైకి చదివితే ఊరంతా వినేది. అందులో ఉద్యోగాల వార్తలుండేవి, రైలు టైములుండేవి, దక్షిణాదిలో జరిగిన హత్యల వివరాలూ ఉండేవి.

అలా దిగినవాళ్ళు నగరంలో ఎక్కడ పడితే అక్కడ ఉండటానికి లేదు. స్టేట్ స్ట్రీట్ నుంచి తూర్పుకి కాటేజ్ గ్రోవ్ దాకా, 22వ వీధి నుంచి 63వ వీధి వైపు సాగిన ఒక సన్నటి పట్టీ, అంతే. 1940ల్లో బాగా పెరిగాక కూడా ఏడు మైళ్ళ పొడవు, ఒకటిన్నర మైలు వెడల్పే. బయటివాళ్ళు దాన్ని బ్లాక్ బెల్ట్ అనేవారు. 1930 ప్రాంతంలో 'షికాగో బీ' పత్రికలో నాటకాల పేజీ చూసే జేమ్స్ జెంట్రీ, మన ఒంటిరంగు నలుపు కాదు, కంచు అని బ్రాంజ్‌విల్ అన్నాడు. అది జనం నోట నిలిచింది. అంటే ఈ పేరు ప్రభుత్వం పెట్టింది కాదు, అక్కడివాళ్ళు తమకు తాము పెట్టుకున్నది. నగరం రికార్డుల్లో ఇప్పటికీ డగ్లస్, గ్రాండ్ బూలెవార్డ్ అనే ఉంటుంది.

గీత దాటబోతే ఏమయ్యేదో 1919 జులై 27న తెలిసింది. 29వ వీధి బీచ్ దగ్గర మిషిగన్ సరస్సులో, మీ హాస్టల్ నుంచి సైకిల్ మీద పది నిమిషాల దూరం, యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ కుర్రాడు తెప్ప మీద తేలుతూ తెల్లవాళ్ళు తమది అనుకునే నీళ్ళలోకి వెళ్ళాడు. ఒడ్డు నుంచి ఒకడు రాళ్ళు విసిరాడు, కుర్రాడు మునిగిపోయాడు. పోలీసు ఆ రాళ్ళు విసిరినవాణ్ణి పట్టుకోనన్నాడు. తర్వాత వారం రోజులు జరిగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు: 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. 537 మందికి గాయాలు. అంతకుముందు, ఆ తర్వాత కలిపి 1917 జులై నుంచి 1921 మార్చి లోపల నల్లవారి ఇళ్ళ మీద, వాళ్ళకి ఇళ్ళు అమ్మినవారి మీద 58 బాంబులు పడ్డాయని ఆ అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం లెక్క తేల్చింది.

బాంబులకంటే బాగా పనిచేసింది రిజిస్ట్రేషన్ కాగితం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా కలిసి దస్తావేజులోనే ఒక షరతు రాసుకునేవారు: ఈ ఇంటిని నల్లజాతివారికి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అందులో వాళ్ళు నివసించకూడదు. దానికో మినహాయింపు కూడా ఉండేది. వాచ్‌మన్, డ్రైవరు, పనిమనిషి అయితే నేలమాళిగలోనో గరాజ్ మీద గదిలోనో ఉండవచ్చు. మొదటిసారి అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఇల్లు అద్దెకి అడిగితే "మీరేవిట్లు?" అని అడిగే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం కదా.

ఈ షరతుని ఢీకొట్టింది కూడా ఈ పేటే. కార్ల్ హాన్స్‌బెరీ అనే వ్యాపారి 1937లో గీత అవతల ఒక ఇల్లు కొన్నాడు. దానికి అప్పిచ్చింది 35వ వీధిలో ఉన్న నల్లవారి ఇన్సూరెన్స్ కంపెనీ సుప్రీమ్ లైఫ్. కోర్టులో వాదించింది ఆ కంపెనీ లాయరే, అర్ల్ డికర్సన్. 1940లో అమెరికా సుప్రీం కోర్టు హాన్స్‌బెరీ పక్షాన తీర్పిచ్చింది, కానీ ఒక సాంకేతిక కారణం మీద. అలాంటి షరతుల్ని కోర్టులు అమలుచేయడానికి వీల్లేదని అదే కోర్టు అనడానికి 1948 దాకా పట్టింది. తెల్లవాళ్ళ పేటలో ఆ ఇంటి కిటికీలోంచి విసిరిన ఇటుక నుంచి తృటిలో తప్పించుకున్న ఆ ఇంటి చిన్నమ్మాయి లొరైన్ తర్వాత పెద్ద నాటకకర్త అయింది.

ఇప్పుడు మీరు చదివిన మహానగరం మాట. అది నిజమే. బయట ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఏ ఆసుపత్రీ నల్ల డాక్టరుని తీసుకోదు, ఏ హోటలూ గదివ్వదు. అందుకని అన్నీ ఇక్కడే కట్టుకున్నారు. డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ 1891లోనే ప్రావిడెంట్ ఆసుపత్రి పెట్టాడు, నల్లజాతి నర్సులకి శిక్షణ ఇచ్చేందుకు కూడా. అక్కడే 1893లో కత్తిపోటు తిన్నవాడి ఛాతీ తెరిచి గుండె పైపొరకి కుట్లు వేశాడు. వాబాష్ అవెన్యూలో వైఎంసీఏ 1913లో తెరిచారు. 1915లో చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ నల్లజాతి చరిత్ర అధ్యయనానికి సంఘం స్థాపించింది ఆ భవనంలోనే. ఇప్పుడు ఫిబ్రవరిలో మీ కంపెనీలూ కాలేజీలూ జరిపే బ్లాక్ హిస్టరీ మంత్ వేళ్ళు అక్కడున్నాయి. భవనం ఇంకా నిలబడే ఉంది, 38వ వీధి దగ్గర. దక్షిణాది హత్యల మీద పోరాడిన పాత్రికేయురాలు ఐడా బీ వెల్స్ కింగ్ డ్రైవ్‌లో ఉన్న రాతి ఇల్లూ అలాగే ఉంది. 1915లో తొలి నల్లజాతి కౌన్సిలర్‌గా గెలిచిన ఆస్కార్ డి ప్రీస్ట్, 1928లో ఏకంగా అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. అప్పటికి ఆ శతాబ్దంలో ఇంకే నల్లజాతి మనిషీ అలా గెలవలేదు.

జెస్సీ బింగా కథ మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బండి మీద సరుకులమ్ముకుని ఎదిగినవాడు. 1908లో స్టేట్ స్ట్రీట్‌లో బ్యాంకు తెరిచాడు. తెల్లవాళ్ళ వీధిలో ఇల్లు కొని కాపురం పెడితే ఆ ఇంటి మీద ఎన్నిసార్లు బాంబులేసినా కదలలేదు. బాంబులు చేయలేని పని మాంద్యం చేసింది. 1930 జులై 31న బ్యాంకు మూతపడింది. మాంసం ఫ్యాక్టరీలో గొడ్డుచాకిరీ చేసి దాచుకున్నవాళ్ళ డబ్బు పోయింది. నిధుల దుర్వినియోగం కేసులో బింగా జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక ఒక చర్చిలో ఊడ్చే పని చేస్తూ 1950లో చనిపోయాడు. మా ఇంటావిడ చెప్పేది, వాళ్ళ నాన్న ఆ తర్వాత చచ్చేదాకా ఏ బ్యాంకు గుమ్మం ఎక్కలేదట.

బ్యాంకులు పోయాక పెట్టుబడి ఎక్కణ్ణుంచి వచ్చేదంటే, పాలసీ నుంచి. ఇన్సూరెన్స్ పాలసీ కాదండీ. మన మట్కాకి అన్నలాంటిది. డ్రమ్ములో నంబర్లు తిప్పి తీస్తారు. పావలా, అర్ధ పావలా కాసేవాళ్ళు వేలమంది. చట్టవిరుద్ధం, అందరికీ తెలుసు, పోలీసుకి మామూలు ముడుతుంది. ఆ ఆట నడిపిన జోన్స్ సోదరులు 47వ వీధిలో పెద్ద దుకాణం తెరిచారు. పిల్లల కాలేజీ ఫీజుకి, చచ్చినవాడి అంత్యక్రియలకి, కొత్త షాపు పెట్టుబడికి పాలసీ రాజుల దగ్గరికి వెళ్ళేవారు. దీన్ని తప్పనాలో ఒప్పనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. కూలివాడి రోజు కూలిలోంచి తీసిన డబ్బే అదంతా. న్యాయంగా మొదలైన వ్యాపారమూ ఉంది. సుప్రీమ్ లైఫ్‌లో ఆఫీసు కుర్రాడిగా చేరిన జాన్ జాన్సన్ 1942లో వాళ్ళమ్మ ఇంటి సామాను తాకట్టు పెట్టి 500 డాలర్లు తెచ్చి పత్రిక పెట్టాడు. 'ఎబొనీ', 'జెట్' ఆయనవే.

సంగీతం గురించి మొదలుపెడితే ఆగను కాబట్టి రెండు ముక్కలే. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో న్యూ ఆర్లీన్స్ నుంచి రైలెక్కి వచ్చింది ఈ పేటకే, 31వ వీధిలో కింగ్ ఆలివర్ బృందంలో ట్రంపెట్ లాంటి కార్నెట్ ఊదడానికి. తర్వాత ఆయన వాయించిన సన్‌సెట్ కేఫ్ భవనంలో నా రోజుల్లో హార్డ్‌వేర్ షాపుండేది. నేను ఇంటి తాళంచెవులు అక్కడే చేయించాను. లోపల ఆఫీసు గదిలో పాత వేదిక వెనకాల గోడబొమ్మ అలాగే ఉండేది, అడిగితే చూపించేవారు. 33వ వీధి మూలన పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి ఉంది. బ్లూస్ పియానో వాయించే థామస్ డోర్సీ 1932 నుంచి అక్కడ భజన బృందాన్ని నడిపి, గాస్పెల్ అనే బాణీని ఊరూరికీ పంపాడు. అంతకుముందు అది యూదుల ప్రార్థనాలయం, ఆర్కిటెక్టులు ఆడ్లర్, సల్లివన్ కట్టింది. 2006 జనవరిలో కాలిపోయింది, ఆ మంటల పొగ మా కిటికీలోంచి కూడా కనిపించింది. రాతి గోడలు కొన్ని ఇంకా ఉన్నాయి.

ఇదంతా చదివి స్వర్ణయుగం అనుకుంటే మళ్ళీ పొరపాటే. అక్కడ టూర్లు తిప్పేవాళ్ళు చెప్పే పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. డాక్టరు, టీచరు, పోర్టరు, జూదగాడు ఒకే వీధిలో ఎందుకున్నారు? ఇంకెక్కడికీ పోనివ్వలేదు కనుక. చోటు పెరగలేదు, జనం పెరిగారు. 1940లో నగరంలో 2,77,731 మంది ఉన్న నల్లవారు 1950కి 4,92,265 అయ్యారు. ఇళ్ళవాళ్ళు, అందులో నల్లవాళ్ళూ ఉన్నారు, ఆరు గదుల వాటాని చెక్క గోడలతో ఆరు ముక్కలు చేసి, ముక్కకో స్టవ్ పెట్టి, ముక్కకో కుటుంబాన్ని దింపారు. దాని పేరు కిచెనెట్. అంతస్తుకి ఒకే బాత్రూం. మా ఇంటావిడ అలాంటి గదిలో అమ్మానాన్నలతో, ముగ్గురు తమ్ముళ్ళతో పెరిగింది. పొద్దున్నే బడికి వెళ్ళాలంటే ఐదింటికి లేచి బాత్రూం తలుపు దగ్గర తువ్వాలు వేసి చోటు పట్టుకునేవారట. అప్పటిలో ఆరు గదుల వాటాకి తెల్లవాళ్ళిచ్చే అద్దె కంటే ఆ ముక్కల మొత్తం అద్దె ఎన్నో రెట్లు. ఇల్లు పాడైపోతుందని తెలిసీ మరమ్మతు చేసేవాడు లేడు, ఎలా ఉన్నా ఖాళీగా ఉండదు కనుక. ఆ తర్వాత నగరపాలకులు వచ్చి చూసి, దీన్ని మురికివాడ అన్నారు.

ఇక మీ క్యాంపస్.

34వ వీధి, స్టేట్ స్ట్రీట్ మూలన 1892లో మెక్కా అనే నాలుగంతస్తుల భవనం కట్టారు. మరుసటి ఏడు షికాగోలో ప్రపంచ ప్రదర్శన. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ ఆ ప్రదర్శనలో భాగమే. దానికొచ్చిన జనానికి ఇది మొదట బసగా పనిచేసింది. 98 ఫ్లాట్లు. మధ్యలో గాజు కప్పు నుంచి వెలుతురు పడే రెండు పెద్ద హాళ్ళు, చుట్టూ పూతీగల ఇనప రెయిలింగులు. 1910 తర్వాత అందులోకి నల్లవారిని రానిచ్చారు. మొదట్లో ఉన్నది డబ్బున్నవాళ్ళే. 1920ల్లో దాని పేరు మీద బ్లూస్ పాటే రికార్డయింది. మాంద్యంలో అదీ ముక్కలైంది, వెయ్యిమందికి పైగా కిక్కిరిసి ఉండేవారు. గ్వెండలిన్ బ్రూక్స్ అనే అమ్మాయి చదువయ్యాక అందులో నాటుమందులు అమ్మే ఒకడి దగ్గర ఉద్యోగం చేసింది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి మనిషి ఆవిడే. ఆ మెక్కా పేరుతోనే ఆవిడ 1968లో ఒక కవితా సంపుటి తెచ్చింది.

పక్కనే ఆర్మర్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇంజినీరింగ్ కాలేజీ ఉండేది. చుట్టూ ఇళ్ళు పాడవుతుంటే ఊరు వదిలి వెళ్ళాలా, చుట్టూ ఉన్నదాన్ని కొని పడగొట్టాలా అని తర్జనభర్జన పడి రెండోదే ఎంచుకున్నారు. 1938లో మెక్కాని కొన్నారు. 1940లో ఆర్మర్, లూయిస్ అనే కాలేజీ కలిసి ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. జర్మనీ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో కొత్త క్యాంపస్‌కి గీతలు గీశాడు. మెక్కావాళ్ళు ఊరికే కదల్లేదు. సంఘం పెట్టుకుని రాష్ట్ర రాజధాని దాకా వెళ్ళారు. కూల్చివేత ఆపాలని సెనేటర్ క్రిస్టఫర్ వింబిష్ 1943లో బిల్లు తెస్తే శాసనసభలు ఒప్పుకున్నాయి, గవర్నరు ఆపేశాడు. అయినా దాదాపు పదేళ్ళు లాగారు. 1952 జనవరిలో పడగొట్టారు. 1956లో అదే నేల మీద క్రౌన్ హాల్ లేచింది: 220 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు, లోపల ఒక్క స్తంభం లేదు, చుట్టూ గాజు. ప్రపంచం నలుమూలల నుంచి ఆర్కిటెక్టులు దాన్ని చూడ్డానికి వస్తారు. నిజంగా అందమైన భవనమే, కాదనను. నేను రెండేళ్ళు రోజూ దాని పక్కనుంచి నడిచి క్లాసుకి వెళ్ళాను, కాళ్ళ కింద ఏముందో ఒక్క బోర్డూ చెప్పలేదు. 2018లో పక్కన తవ్వుతుంటే మెక్కా నేలమాళిగ రంగుపలకలు బయటపడ్డాయి.

కాలేజీ ఒక్కటే కాదు, మైకేల్ రీస్ ఆసుపత్రీ అంతే. రెండూ కలిసి 1946లో ప్రణాళిక బోర్డు పెట్టాయి, 1947లో రాష్ట్రం చట్టం చేసింది: మురికివాడ అని ముద్ర వేస్తే ప్రభుత్వం బలవంతాన కొని ప్రైవేటు కంపెనీకి చవగ్గా ఇవ్వవచ్చు. సరస్సు వైపు కనిపించే లేక్ మెడోస్ టవర్లు అలా వచ్చినవే, న్యూయార్క్ లైఫ్ ఇన్సూరెన్స్ వాళ్ళవి. ఆ నేల మీద ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి కొత్త ఇళ్ళ అద్దె అందలేదు. పైగా ముద్ర వేసిన చోట మంచి ఇళ్ళూ ఉండేవి, సొంత ఇళ్ళున్నవాళ్ళూ ఉండేవారు. చమత్కారం ఏమిటంటే, ఆ మైకేల్ రీస్ ఆసుపత్రే తర్వాత మూతపడింది. 2016 ఒలింపిక్స్ వస్తాయని నగరం 2009లో దాన్ని కొని పడగొట్టింది. ఒలింపిక్స్ రియోకి వెళ్ళాయి. మ్యాప్‌లో 31వ వీధి పైన సరస్సు పక్కన మీరు చూసిన పెద్ద మైదానం అదే.

పంపేసినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? నగరమంతటా చిన్న చిన్న ప్రభుత్వ ఇళ్ళు కడదామన్నారు హౌసింగ్ సంస్థ ఛైర్మన్, ఆ పదవిలో తొలి నల్లజాతి వ్యక్తి రాబర్ట్ టేలర్. తెల్లవాళ్ళ వార్డుల కౌన్సిలర్లు తమ వార్డులో వద్దన్నారు. ఆయన 1950లో రాజీనామా చేశాడు, 1957లో పోయాడు. తర్వాత స్టేట్ స్ట్రీట్ పొడవునా, 39వ వీధి నుంచి 54 దాకా, ఒక్కోటి 16 అంతస్తుల 28 టవర్లు వరుసగా కట్టి 1962లో వాటికి ఆయన పేరే పెట్టారు. దేన్ని వద్దన్నాడో దానికే పేరయ్యాడు. దానికి పైన, మీ క్యాంపస్‌ని ఆనుకుని, 35 నుంచి 39 దాకా స్టేట్‌వే గార్డెన్స్. వీటికి పడమట డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే కందకంలా తవ్వారు. అవతల బ్రిడ్జ్‌పోర్ట్, అప్పటి మేయర్ డేలీ సొంత పేట. టేలర్ టవర్లలో ఒక దశలో 27,000 మంది ఉండేవారు, అందులో 20,000 మంది పిల్లలు. పదహారో అంతస్తు, పనిచేయని లిఫ్టు, కింద ఆడుకుంటున్న పిల్లాణ్ణి అక్కణ్ణుంచి ఏ తల్లి కనిపెట్టుకోగలదు? 1966లో ప్రభుత్వ ఇళ్ళలో ఉండే డొరతీ గొట్రో తదితరులు కేసు వేస్తే, 1969లో ఫెడరల్ జడ్జి స్థలాల ఎంపికే జాతి వివక్షతో జరిగిందని తీర్పిచ్చాడు. అప్పటికే కాంక్రీటు గట్టిపడింది.

మరో పక్క 1948 తర్వాత తలుపు కాస్త తెరుచుకుంది. డాక్టర్లు, లాయర్లు, టీచర్లు చాథమ్ లాంటి పేటలకి వెళ్ళారు. ఎవరు మాత్రం వెళ్ళరు? వాళ్ళతో 47వ వీధి షాపులకి బేరం పోయింది. 1971లో పశువుల యార్డులు మూతపడ్డాయి, ఆ తర్వాత ఉక్కు మిల్లులు. పని పోయిన చోటికి 1980ల్లో కొకైన్ వచ్చింది, గ్యాంగులు వచ్చాయి, కాల్పులు జరిగాయి. ఇది నిజం, దాచను. అద్దెలు రాని ఇళ్ళని ఇళ్ళవాళ్ళు వదిలేశారు, కొన్ని కాలాయి, పన్ను కట్టనివాటిని నగరం కూల్చింది. ఇందాక చెప్పిన చిన్న స్థలాలు ఇవే. గ్రాండ్ బూలెవార్డ్‌లో 1950లో 1,14,557 మంది ఉండేవారు. 2010లో 21,929.

నేను దిగేనాటికి స్టేట్‌వే టవర్లు పడగొడుతున్నారు. హాస్టల్ కిటికీలోంచి చూసేవాళ్ళం. గోడ ఊడిపోయాక పై అంతస్తుల గదులు కనిపించేవి, ఒకటి నీలం, ఒకటి గులాబీ, ఒకదాంట్లో మూలన ఇంకా వేలాడుతున్న కర్టెన్. "హమ్మయ్య, ఇక సేఫ్" అన్నాడు మా రూమ్మేటు. నేనూ తలూపాను. ఆ కర్టెన్ కట్టుకున్నవాళ్ళు ఎక్కడికెళ్ళారని అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు. చాలామందికి అద్దె సాయం వోచర్లిచ్చి ఇంకా దక్షిణాన ఉన్న బీద పేటలకి పంపారు. తిరిగి కడతామన్న ఇళ్ళు నెమ్మదిగా, తక్కువగా వచ్చాయి. 2007కల్లా టేలర్ టవర్లన్నీ పోయాయి. స్టేట్ స్ట్రీట్ పొడవునా మీకు కనిపిస్తున్న గడ్డి అది.

ఇప్పుడు సంగతి కొంచెం వేరు. 1990ల నుంచీ నల్లజాతి ఉద్యోగులే తిరిగొచ్చి పాత రాతి ఇళ్ళు బాగుచేసుకున్నారు. 2023 జనవరిలో పేటని జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించారు. 'షికాగో బీ' భవనంలో లైబ్రరీ ఉంది, క్యాంపస్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. నేను కూర్చున్నది అక్కడే. ఇంకొంచెం కిందకి, 40వ వీధి దాటాక స్టేట్ స్ట్రీట్‌లోనే రాబర్ట్స్ టెంపుల్ అనే మామూలు ఇటుక చర్చి. 1955లో మిసిసిపీలో చంపేసిన 14 ఏళ్ళ ఎమెట్ టిల్ శవపేటికని వాళ్ళమ్మ మూత వేయనివ్వకుండా జనానికి చూపించింది అక్కడ. అదిప్పుడు జాతీయ స్మారకం. ఇది 35వ వీధికి కిందే ఉంది, మిమ్మల్ని పోవద్దన్న వైపే.

ఇక జాగ్రత్త సంగతికొస్తే: రాత్రి పొద్దుపోయాక ఫోను చూస్తూ నడవకండి, క్యాంపస్ వాళ్ళ బండి ఉంటుంది, వాడుకోండి. పగలు మామూలుగా తిరగండి. ఎదురుపడ్డవాళ్ళు పలకరిస్తారు, అక్కడ అది అలవాటు. బదులు చెప్పకుండా తలదించుకుపోతే మర్యాద తెలియనివాళ్ళనుకుంటారు.

మీరు ఆగస్టులోనే దిగుతున్నారు కదా, రెండో శనివారానికి ముందే వస్తే బడ్ బిల్లికెన్ పెరేడ్ దొరుకుతుంది. పిల్లలు బడికెళ్ళే ముందు పండగలా 1929లో డిఫెండర్ అబాట్ మొదలుపెట్టింది. 39వ వీధి దగ్గర బయల్దేరి కింగ్ డ్రైవ్ మీదుగా వాషింగ్టన్ పార్కు దాకా డప్పులు, డాన్సులు, పొగలు కక్కే బార్బెక్యూలు. పదింటికి మొదలు. ఎనిమిదిన్నరకల్లా వెళ్తేనే చెట్టు నీడ దొరుకుతుంది. మడత కుర్చీ లేకపోతే కంగారు పడకండి, కాసేపు నిలబడితే ఎవరో ఒక పెద్దావిడ పిలిచి కూర్చోబెడుతుంది.